నూకమ్మప్ప నుయ్యి

మా వీధి చివర ఖాళీ స్థలంలో నాలుగు రోజులుగా గోతులు తవ్విస్తున్నారు. మే నెలాఖరు. పొద్దున్న ఆరింటికే గునపం మోత మొదలవుతుంది. నెలల తరబడి ఎండకు బిగిసిపోయిన ఎర్రమట్టి మీద గునపం పడితే ఆ చప్పుడు రాయి మీద పడినట్టూ ఉండదు, మట్టి మీద పడినట్టూ ఉండదు. ఈ ఉదయం కాసేపటికి అడుగు మట్టి పైకి వచ్చినట్టుంది, లోపల దాగిన చెమ్మ వాసన కిటికీలోంచి గదిలోకి వచ్చింది. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వేసవి చివర తవ్విన గోతి వాసన ఎక్కడ తగిలినా నాకు ఒకే మనిషి గుర్తొస్తుంది. ఆవిడ పేరు నూకమ్మ. మా వైపు అక్కను అప్ప అంటారు. అందుకని అందరం నూకమ్మప్ప అనేవాళ్ళం.

ఎనభైల మొదట్లో మాట. విశాఖపట్నానికి దక్షిణాన ఉక్కు ఫ్యాక్టరీ లేస్తున్న రోజులు. అక్కడ కొత్తగా కడుతున్న క్వార్టర్ల మధ్య చెట్లు పెంచే పని ఒక కాంట్రాక్టరు తీసుకున్నాడు. వ్యవసాయ డిప్లొమా పూర్తి చేసి ఇంట్లో కూర్చున్న నాకు ఆయన దగ్గర నర్సరీ సూపర్‌వైజరు ఉద్యోగం దొరికింది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. నాన్న పోర్టులో గుమస్తా. వన్ టౌన్‌లో ఇరుకు సందులో మా ఇల్లు. ఆరేసిన బట్టల మీద ఓడరేవు నుంచి ఎగిరొచ్చే ఎర్రదుమ్ము పడేది. పెరడు లేని ఇంట్లో పుట్టి, చెట్ల గురించి పుస్తకాల్లో చదువుకున్నదాన్ని. రోజూ రెండు బస్సులు మారి వెళ్ళి ఎనిమిది మంది ఆడకూలీల చేత పని చేయించాలి. ఆ ఎనిమిది మందిలో పెద్దది నూకమ్మప్ప.

అప్పటికే ఆవిడకు యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి గోచీ పోసేది. అందరిలాగే ఆవిడా అడ్డపొగ తాగేది. అంటే చుట్టను నిప్పున్న కొన లోపలికి వచ్చేట్టు నోట్లో పెట్టుకోవడం. అందువల్లనో ఏమో మాట తక్కువ. మాట్లాడాలంటే చుట్ట తీసి చేత్తో పట్టుకోవాలి కాబట్టి, అంత అవసరం ఉంటేనే మాట్లాడేది. ఫ్యాక్టరీ కోసం ఖాళీ అయిన ఊళ్ళలో ఆవిడ ఊరు ఒకటని, పిల్లలు లేరని, భర్త పోయాక పునరావాస కాలనీలో ఒక గది వేసుకుని ఒంటరిగా ఉంటోందని మిగతా ఆడవాళ్ళు చెప్పారు. ఇంకేమీ నేను అడగలేదు. అడగాలని నాకు తోచలేదు.

నా మొదటి వేసవిలోనే నాకూ ఆవిడకూ ఎవరికి ఏం తెలుసో తేలిపోయింది. మొక్క నాటడానికి పదిహేను రోజుల ముందు గోతులు తియ్యాలని నా నోట్సులో ఉంది. ఆ లెక్కన జూన్ మధ్యలో మొదలుపెడదామన్నాను. నూకమ్మప్ప చుట్ట చేతిలోకి తీసుకుని, రోహిణి కార్తె వెళ్ళిపోతోందమ్మా అంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో మనుషులు గునపం ఎలా ఎత్తుతారని అడిగాను. ఎండకోసమే ఆ పని అప్పుడు చెయ్యాలంది.

"మట్టికి ఎండ తగలాలమ్మా. నెల్లాళ్ళు ఎండితే గానీ లోపల పురుగు సావదు. పై మట్టి ఈ పక్క, అడుగు మట్టి ఆ పక్క ఎయ్యాల. పూడ్సేటప్పుడు పైది కిందకెల్లాల."

తెల్లారకముందే మొదలుపెట్టి, ఎండ ముదిరేసరికి ఆపేసి, మళ్ళీ సాయంత్రం తవ్వేవాళ్ళు. మధ్యాహ్నమంతా తాటాకుల పందిరి కింద కూర్చుని ఇంకో పని. కానుగ కాయలు కొట్టి గింజ తియ్యడం, ఆనప, బీర విత్తనాలు బూడిద పట్టించి ఆరబెట్టడం, లేత నారు మీద కప్పడానికి కొబ్బరి మట్టలు అల్లడం, ఎండుటాకులు తెచ్చి మొక్కల మొదళ్ళలో పరచడం. వేసవి చివరి నెల రోజులు తోటలో ఏమీ పెరగదు, మనుషులు మాత్రం ఊపిరి తిప్పుకోరు. పైకి చూస్తే అంతా ఎండిపోయినట్టే ఉంటుంది. ఏడాదంతా చెట్టు బతికేదీ చచ్చేదీ ఆ నెలలోనే నిర్ణయమవుతుందని నాకు ఆ పందిరి కిందే తెలిసింది.

వేపగింజల సంగతి ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. పళ్ళు రాలగానే మిగతా విత్తనాల్లాగే గోనె సంచుల్లో నింపి, తీరిగ్గా ఆగస్టులో చల్లుదామని పక్కన పెట్టించాను. వేపగింజ ఆగదని ఆవిడ చెప్పింది. నేను వినలేదు. ఆగస్టులో ఆ సంచుల్లోంచి తీసి చల్లినవాటిలో ఒక్కటి మొలవలేదు. అప్పుడు ఆవిడ నన్ను నర్సరీ మూలకు తీసుకెళ్ళింది. పళ్ళు రాలిన వారంలోనే, నాకు చెప్పకుండా, గుజ్జు కడిగి ఆవిడ వేసిన మడిలో వేపనారు జానెడెత్తు ఎదిగి ఉంది. నా మాట కాదని చేసినందుకు నేనేమైనా అంటానేమోనని నా ముఖం వంక చూసింది. ఆ రోజు నుంచి ఏ పనికైనా ముందు ఆవిడ ముఖం చూడడం అలవాటైంది. అయినా మరుసటి వేసవిలో పెద్ద తప్పే చేశాను.

ఆ ఏడు మే ఇరవై అయిదు దాటాక ఒక సాయంత్రం సముద్రం మీద మబ్బు కమ్మి, ఉరుములతో రెండు గంటల పాటు కుండపోతగా కురిసింది. ఉదయానికి నేలంతా చల్లబడి ఉంది. మేనేజరు స్కూటరు మీద వచ్చి, జూన్ నెలలో ఎవరో పెద్దలు వస్తున్నారని, కొత్త రోడ్డుకు రెండు వైపులా మొక్కలు కనిపించాలని, వాన పడింది కాబట్టి ఇవాళే నాటించమని చెప్పి వెళ్ళాడు. అప్పటికే తీసి ఉంచిన గోతుల్లో నాలుగు వందల మొక్కలు. కానుగ, వేప, తురాయి, నిద్రగన్నేరు. మృగశిర ఇంకా రాలేదని నాకూ తెలుసు. నూకమ్మప్ప వంక చూశాను.

"ఇది వాన కాదమ్మా. రోహిణిలో పడింది నేల పైనే ఉంతాది. రెండో వాన సూసి ఎయ్యాల," అంది.

మేనేజరు చెప్పాడన్నాను. ఆవిడ చుట్ట నోట్లో పెట్టుకుని వెళ్ళి మొదటి మొక్క తనే నాటింది. వద్దని చెప్పిన పనినే అంత శ్రద్ధగా చెయ్యడం నేను అంతకుముందు చూడలేదు. ప్రతి మొక్కకీ పడమటి వైపు, గాలి తట్టుకోవడానికి, చిన్న మట్టిగట్టు కట్టించింది. నీడకి తాటాకు ముక్క గుచ్చించింది. రెండు రోజుల్లో నాలుగు వందలూ నిలబడ్డాయి. రోడ్డు పొడుగునా పచ్చగా కనిపిస్తుంటే నాకు గర్వంగా అనిపించింది.

ఆ తర్వాత చుక్క పడలేదు. పడమటి గాలి లేచింది. నాలుగు రోజులకు ఆకులు వాడాయి, ఆరు రోజులకు తురాయి కొమ్మలు వంగిపోయాయి. రోజు విడిచి రోజు నీళ్ళు తెచ్చే ట్యాంకరు ఇంజను చెడిపోయి షెడ్డులో పడింది. మేనేజరు దగ్గరకు వెళ్ళి మొరపెట్టుకుంటే, ట్యాంకరు ఎప్పుడొస్తుందో చెప్పలేనన్నాడు. మొక్కలు పోతే మాత్రం నువ్వు రానక్కర్లేదు అన్నాడు. నాన్నకు ఆ డిసెంబరులో రిటైర్‌మెంటు. ఇంట్లో చెప్పుకునే ధైర్యం లేక, మధ్యాహ్నం పందిరి కింద కూర్చుని, అందరి ఎదుటా కళ్ళు తుడుచుకున్నాను.

నూకమ్మప్ప లేచి, కుండలూ తాడూ పట్టుకుని రమ్మని మిగతావాళ్ళకు చెప్పి నడక మొదలుపెట్టింది. మేము వెనకే వెళ్ళాం. నర్సరీ కంచె దాటి, జిల్లేళ్ళూ నాగజెముడూ పిచ్చిగా పెరిగిన దిబ్బ వైపు తీసుకెళ్ళింది. అటు ఎవరూ వెళ్ళరు. ముళ్ళకంపలు లాగి పక్కన పడేసింది. కింద తాటి దుంగలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా దొర్లిస్తే లోపల నుయ్యి. రాతి కట్టడం చెక్కు చెదరలేదు. వంగి చూస్తే బాగా అడుగున నీళ్ళు మెరుస్తున్నాయి.

"ఇది మా నుయ్యి. మాయన తవ్వినాడు. మూడు ఎండాకాలాలు పట్టింది," అంది. తర్వాత నర్సరీ వైపు చెయ్యి చూపించింది. "అక్కడంతా మా జీడితోటే."

రెండు వేసవులుగా ఆ నేల మీద ఎక్కడ గొయ్యి తియ్యాలో, ఎంత లోతు తియ్యాలో ఆవిడకు నేను చెబుతున్నాను. ఆవిడ మాత్రం తాడు సరిచూసుకుని కుండకు ఉరి బిగిస్తోంది.

మిగతా కథ నీళ్ళు మోస్తుండగా మెల్లమెల్లగా తెలిసింది. ఊరు ఖాళీ చేశాక కూడా ఆమె భర్త రోజూ నడిచి వచ్చి ఈ నూతి గట్టు మీద కూర్చుని వెళ్ళేవాడట. కంచెలు వేశాక రానివ్వలేదు. ఆపైన అతను మంచం దిగలేదు, ఏడాది తిరక్కుండా పోయాడు. పాడు నూతులన్నీ ప్రమాదమని పూడ్చేస్తున్నారని తెలిసి, అతను పోయిన నెలలోనే ఆవిడ కూలిపనికని కంచె లోపలికి వచ్చి దుంగలు పేర్చి ముళ్ళు కప్పింది. పశువులు పడకూడదు, ఎవరికీ కనబడకూడదు. అప్పటి నుంచి తను కూడా ఒక్క చేద నీళ్ళు తోడుకోలేదు. రోజూ ఆ దిబ్బకు వంద గజాల్లో పని చేస్తూ కూడా అటు చూసేది కాదు.

పదమూడు రోజులు మోశాం. నేనూ మోశాను. నెత్తిన కుండ పెట్టుకోవడం నాకు రాదు, చంకన పెట్టుకునేదాన్ని. తెల్లవారుజామున సగం రోడ్డు, సాయంత్రం సగం రోడ్డు. నేను మొక్క మొదలు దగ్గరే దిమ్మరించేసేదాన్ని. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, మొదలు దగ్గర కాదు, జానెడు ఎడంగా పొయ్యమంది. వేరు నీళ్ళ కోసం వెతుక్కుంటూ వెళ్ళాలట, అప్పుడే నిలబడుతుందట. ఏరోజుకారోజు నుయ్యి అడుగంటుతుందేమోనని భయపడుతూ తాడు వదిలేవాళ్ళం. మరునాటికి మళ్ళీ ఊరేది. మృగశిర వచ్చిన వారానికి అసలు వాన వచ్చింది. లెక్క చూసుకుంటే చచ్చిన మొక్కలు ముప్పై లోపే.

వానలు నిలకడగా పట్టాక మేనేజరు రాతపూర్వకంగా నివేదిక అడిగాడు. మొక్కలెన్ని, బతికినవెన్ని, నీరు ఎక్కడి నుంచి. ఆ రాత్రి ఇంటి దగ్గర కూర్చుని రెండు పేజీలు రాశాను. నూకమ్మప్ప పేరు మూడు చోట్ల రాశాను. తన సొంత నుయ్యి చూపించి నాలుగు వందల మొక్కలు కాపాడిందని, ఇలాంటి మనిషిని రోజుకూలీగా కాక మేస్త్రీగా పెట్టుకోవాలని, ఆ నుయ్యి ఫలానా దిబ్బ మీద ఉందని, గుర్తుగా చిన్న పటం కూడా గీశాను. ఇన్ని మొక్కలకు నీళ్ళిచ్చిన నూతిని ఇక ఎవరూ పూడ్చరని, ఆవిడకు మేలు చేస్తున్నాననే నమ్మాను. నిజంగానే నమ్మాను. అదే ఇప్పటికీ నన్ను ఎక్కువగా బాధపెట్టేది.

మేస్త్రీ పని గురించి ఎవరూ ఏమీ అనలేదు. జూలై మొదట్లో ఒక ఉదయం, మేము తొట్టిలో వేపపళ్ళ గుజ్జు కడుగుతుంటే, రెండు లారీలు మట్టితో దిబ్బ వైపు వెళ్ళాయి. నూకమ్మప్ప తలెత్తి చూసింది. ఏటది అని అడిగింది. నుయ్యి పూడ్చేస్తారన్న కబురు నాకు ముందురోజే తెలుసు. చెప్పడానికి నోరు రాక దాచుకున్నాను. అప్పుడు చెప్పాను, నివేదికలో నేనే రాశానని కూడా చెప్పాను.

ఆవిడ చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. మెల్లగా నడిచి నూతి దగ్గరకు వెళ్ళి, ఒక్క నిమిషం ఆగమని లారీ డ్రైవరును అడిగింది. అతను మంచివాడు, ఇంజను ఆపేసి దిగి నిలబడ్డాడు. ఆవిడ ఒక చేద నీళ్ళు తోడింది. వానలకు నీళ్ళు పైకి వచ్చి ఉన్నాయి, ఎక్కువ తాడు పట్టలేదు. తను దోసిలి పట్టి తాగింది. తర్వాత ఏడుగురికీ వరసగా దోసిళ్ళలో పోసింది. నేను దూరంగా నిలబడి ఉన్నాను. నా దగ్గరకు కూడా వచ్చింది.

"నువ్వూ తాగు," అంది.

తాగాను. కాస్త ఉప్పదనం ఉన్న నీళ్ళు. మిగిలినవి డ్రైవరుకు పోసి, చేద పక్కన పెట్టి, కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపింది. మట్టి పడుతున్నంతసేపూ అక్కడే నిలబడింది. ఏడవలేదు. మధ్యాహ్నానికి వచ్చి మళ్ళీ తొట్టి ముందు కూర్చుని గింజలు కడిగింది, వేపగింజ ఆగదు కాబట్టి.

మూడు రోజులు నేను ఆవిడతో మాట్లాడలేకపోయాను. నాలుగో రోజు సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, పందిరి కింద ఆవిడ ఎదుట కూర్చుని క్షమించమన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ చుట్ట ఆర్పి గుంజలో దోపింది.

"నిజమే రాసినావు. అబద్ధం రాయలేదు కదా," అంది. "రాసేముందు నన్నో మాట అడగాల్సింది. నాను వొద్దనేదాన్నని కాదు. నా నుయ్యి కదా, నన్నడగాల," అంది.

అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. పూడ్చిన చోట ఏదైనా చెట్టు నాటిస్తానని, ఆయన పేరున పెంచుదామని అంటే, కొత్తగా పూడ్చిన మట్టి దిగుతుందని, ఇప్పుడు ఏది నాటినా వేరు తెగుతుందని చెప్పింది. నిజంగానే ఆ వానలకు అక్కడ నడుం లోతు గుంట పడింది. మట్టి తెచ్చి నింపాం. మరుసటేడు మోకాలి లోతు దిగింది. మళ్ళీ నింపాం. ఆవిడ ఆ గుంట పక్కనుంచే తలవంచుకుని పనికి వెళ్ళేది.

నాలుగైదేళ్ళు కలిసి పనిచేశాం. రోహిణిలో గోతులు, మృగశిర దాటాక నాట్లు. మేనేజరు తొందరపెట్టినా నేను రెండో వాన దాకా ఆగేదాన్ని, చివాట్లు తినేదాన్ని. ఆ తర్వాత మోకాళ్ళు పట్టేసి ఆవిడ పనికి రావడం మానేసింది. నేను మాత్రం అక్కడే ఉన్నాను. ఎనభైల చివర్లో ఒక మే నెల సాయంత్రం కాలనీకి వెళ్ళాను. గది ముందు మంచం మీద కూర్చుని ఉంది. చూపు మందగించింది, గొంతు విని గుర్తుపట్టింది. రోడ్డు పక్క నిద్రగన్నేర్లు ఎంత ఎదిగాయని అడిగింది. బస్సు మీదకు నీడ వాలుతోందని చెప్పాను.

"ఆ గొయ్యి దిగడం ఆగిందా?" అంది.

పోయినేడు వానలకు చెయ్యి మందం కూడా దిగలేదన్నాను. ఈసారి నేను జాగ్రత్తగా, ఒక్కొక్క మాటా ఏరుకుని, అక్కడ ఏదైనా వెయ్యమంటావా అప్పా, వేస్తే ఏం వెయ్యమంటావు అని అడిగాను. ఆవిడ మసక కళ్ళతో నా వైపు తిరిగింది. వద్దంటుందనే అనుకున్నాను.

"పనస ఎయ్యి," అంది. "పనసకి లోతు కావాల. ఇక్కడ నేల రెండు మూరలు తవ్వితే రాయి. ఆడ రాయుండదు. మాయన నలభై అడుగులు తవ్వినాడు."

ఆ రోహిణి కార్తెలోనే గొయ్యి తీయించాను. పై మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క. రెండో వాన పడ్డాక పనస మొక్క నాటాను. ఆవిడను రిక్షాలో తీసుకొస్తానంటే, వద్దు, నువ్వు వేస్తే చాలంది. ఆ చలికాలం దాటలేదు నూకమ్మప్ప. కబురు నాకు నాలుగు రోజులు ఆలస్యంగా చేరింది.

తర్వాత నేను వేరే ఉద్యోగంలో చేరి, పాతికేళ్ళకు పైగా ఎక్కడెక్కడో పార్కులు వేయించాను. కాగితం మీద గీతలు గీసి ఎవరో పంపేవాళ్ళు. సంతకం పెట్టే ముందు ఆ చోటుకు వెళ్ళి, అక్కడ మొదటినుంచీ ఉంటున్నవాళ్ళెవరో వెతికి పట్టుకుని, ఇక్కడ ఏముండేది, మీకేమైనా అభ్యంతరమా అని అడిగేదాన్ని. నా పై అధికారులకు అది నా పిచ్చి. కొన్నిసార్లు వాళ్ళు చెప్పినది విని గీత పక్కకు జరపగలిగాను. చాలాసార్లు జరపలేకపోయాను. జరపలేనప్పుడు మళ్ళీ వెళ్ళి వాళ్ళ ఎదుట నిలబడి, నావల్ల కాలేదని నేనే చెప్పి వచ్చాను. ఆ నడకంత కష్టమైన పని నా ఉద్యోగంలో ఇంకొకటి లేదు. ఒక్కసారి కూడా మానలేదు.